విప్పిన ముడుపు

కెన్ చూపించిన ఫొటో నిరుపమ కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర కనిపించాడాయన. కింది అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన ముసలాయన. ఏటా జపాన్ వెళ్ళి, పట్టుమని పదిమంది దిగని చిన్న చిన్న స్టేషన్లు వెతుక్కుంటూ తిరగడం ఆయన సరదా. అలాంటి స్టేషన్లలో ఉద్యోగులు ఉండరట. బల్ల మీద ఒక నోటు పుస్తకం మాత్రం ఉంటుందట. దిగినవాళ్ళు తోచింది రాసి పోతారట.

"ఇవి మీ అక్షరాలేనా నిరూ? గుండ్రంగా కనిపిస్తే మీవే అయ్యుంటాయని ఫొటో తీశాను" అంటూ ఫోను చేతికిచ్చాడు.

గుండ్రటి అక్షరాలే. తెలుగే. పైగా ఆ దస్తూరీ ఆమెకు పదకొండేళ్ళుగా తెలుసు.

"ముడుపు విప్పేశాను. ఇక నిరుపమను ఆపేది ఏదీ లేదు. భాస్కర్, ఆగస్టు 14."

వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అని చెప్పి ఆమె భర్త ఉదయభాస్కర్ ఐదు రోజులు ఊరికి వెళ్ళింది సరిగ్గా ఆ వారమే.

రాత్రి అడగలేదు. పొద్దున అడగలేదు. ఎదుటి మనిషిని గమనిస్తూ కూర్చోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒంగోలు దగ్గర పల్లెలో చదువుకునే రోజుల్లో, పంతులమ్మ బెత్తం తీసే ముందు కళ్ళజోడు సర్దుకుంటుందని తరగతి మొత్తం మీద కనిపెట్టింది ఈమె ఒక్కతే.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. న్యూ లిన్‌లో వాళ్ళ ఫ్లాటు ఐదో అంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే రోడ్డుకన్నా కిందికి, కందకం తవ్వి పెట్టినట్టుగా రైల్వే స్టేషన్ కనిపిస్తుంది. బండి వచ్చినప్పుడల్లా అలమరలో గ్లాసులు సన్నగా మోగుతాయి. కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడేమో అది లేకుండా డునెడిన్‌లో నిద్రెలా పడుతుందోనని బెంగ.

సోమవారం పొద్దున ఏడుంపావుకి ఆమె విమానం. ఇన్నాళ్ళూ మౌంట్ రాస్కిల్‌లో పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. డునెడిన్‌లో అలాంటి బడికే పెద్దగా చేరబోతోంది. ఆ ఉద్యోగం ప్రకటన చూసింది ఉదయభాస్కర్. అప్లికేషన్ నింపింది అతనే. "కొన్నాళ్ళు విడిగా ఉండి చూద్దాం నిరూ, ఇద్దరికీ మంచిది" అన్నదీ అతనే. కోప్పడి అంటే ఎదురు చెప్పేది. బతిమాలినట్టు అన్నాడు. దాంతో ఆమె నోరు కట్టేసినట్టయింది.

హాల్లో ఆరు అట్టపెట్టెలున్నాయి. నాలుగింటికి కెన్ తన వ్యాన్ తెస్తానన్నాడు, కొరియర్ డిపోలో వేసి వద్దామని. ఉదయభాస్కర్ నేలమీద కూర్చుని ఆఖరి పెట్టెకు టేపు అంటిస్తున్నాడు. నవంబరు నెల, ఈ దేశంలో ఎండలు మొదలయ్యే కాలం. బయట జనం పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతున్నారు. ఇతను మాత్రం బూడిదరంగు జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కుని ఉన్నాడు. జలుబట. చలికాలం నుంచీ అదే జలుబు.

"రైస్ కుక్కర్ కూడా పెట్టేస్తున్నా" అన్నాడు.

"వద్దు. మీరెందులో వండుకుంటారు?"

"కింద సుషీ షాపుందిగా."

"చల్లటి అన్నం నావల్ల కాదని మొన్న సగం నా ప్లేటులోకి తోశారు. రోజూ సుషీ తినే మొహమే అది!"

"అలవాటు చేసుకుంటాలే."

"జపాన్‌లో అలవాటు కాలేదా?"

"అప్పుడా? అప్పుడంతా నువ్వు మోసుకొచ్చిన పులిహోర పొడే కదా తిన్నాం. ఏడేళ్ళయింది..."

"ఏడేళ్ళ కిందటిది కాదు. నేను ఆగస్టుది అడుగుతున్నా."

టేపు చప్పుడు ఆగిపోయింది.

నిరుపమ తన ఫోనుకు కెన్ పంపిన ఆ ఫొటో తెరిచి, అతని ముందున్న పెట్టె మీద పెట్టింది. పెట్టి, ఎదురుగా ఇంకో పెట్టెకు ఆనుకుని కూర్చుంది. అతను చాలాసేపు చూశాడు. తన రాతే అయినా మొదటిసారి చదువుతున్నవాడిలా పెదవులు కదిలాయి.

"ఎవరిచ్చారు?"

"కెన్."

"జపాన్ మొత్తం మీద ఈయనకి ఆ స్టేషనే దొరికిందా!" నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. "రోజుకి పదిమంది కూడా దిగరే అక్కడ."

"దిగరు కాబట్టే ఆయన దిగాడు. మీరూ అందుకేగా రాసింది? ఎవరూ చదవరని."

అతను ఫోను ఆమె వైపు జరిపాడు.

ఆగస్టు నుంచీ నిరుపమ మనసులో ఒక ముల్లుంది. వెల్లింగ్టన్‌లో ఎవరో ఒకామె ఉండి ఉంటుందని. ఆమెకొక పేరు కూడా పెట్టుకుంది లోలోపల, ఒక మొహం కూడా ఊహించుకుంది. వెన్నునొప్పి అంటూ ఇతను సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఫోను వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడినప్పుడు, ఆ మొహానికి కళ్ళూ ముక్కూ ఇంకా స్పష్టంగా వచ్చేవి. నిన్న ఆ ఫొటోతో ఆ ఆడమనిషి ఒక్కసారిగా మాయమైపోయింది. ఆమె ఖాళీ చేసిన చోట ఏం పెట్టుకోవాలో నిరుపమకు తెలియడం లేదు.

ఏడేళ్ళ కిందట ఇద్దరూ కలిసి దిగిన ఆ స్టేషన్ ఆమెకు బాగా గుర్తుంది. పేరు గుర్తులేదు, బోర్డు చదవడం రాలేదు కాబట్టి. తమలో తాము 'ఎర్రగుమ్మం స్టేషన్' అనుకునేవాళ్ళు. చెక్కతో కట్టిన ఒక్క గది. మూడు బెంచీలు, ఆ మూడింటి మీదా ఎవరో చేత్తో కుట్టిన చిన్న చిన్న మెత్తలు. పట్టాలు దాటగానే ఎర్రరంగు వేసిన పెద్ద చెక్క గుమ్మం, దాని వెనక నలభై మెట్లు, మెట్ల పైన గుడి. ఉదయభాస్కర్ ఫొటోల పిచ్చిలో బండి తప్పిపోయింది. మళ్ళీ బండి రెండు గంటల తర్వాతే.

ఆ రెండు గంటల్లోనే మెట్లెక్కారు. గుడి ముందు ఒక పెట్టెలో చిల్లర వేస్తే జాతకం రాసిన కాగితం చీటీ వస్తుంది. నిరుపమకు వచ్చిన చీటీ మీద ఏముందో ఇద్దరికీ తెలియలేదు. పక్కనే కట్టిన తీగ మీద అలాంటి చీటీలు వందల కొద్దీ ముడులు వేసి ఉన్నాయి. అది చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. మనవాళ్ళలాగే వీళ్ళూ ముడుపులు కడతారన్నమాట! పర్సులో అడుగున ఒక రూపాయి బిళ్ళ ఉంది. చీటీలో బిళ్ళ పెట్టి మడిచి, చేతికున్న వ్రతం తోరం విప్పి దాంతో చుట్టి, ఆ తీగకు గట్టిగా కట్టింది. కళ్ళు మూసుకుని మొక్కుకుంది. ఏం మొక్కావని అతను అడిగితే, తీరేదాకా చెప్పకూడదంది.

"చెప్పండి" అంది ఇప్పుడు. "నేను కట్టిన ముడుపు విప్పడానికి మీరెవరు?"

కోపంగా అనలేదు. బడిలో పిల్లవాడు పక్కవాడి బొమ్మ విరగ్గొడితే అడిగే గొంతుతో అడిగింది. ఆ గొంతుకు పిల్లలు త్వరగా లొంగిపోతారు.

ఉదయభాస్కర్ టేపు చుట్టను రెండు చేతుల మధ్యా తిప్పుతూ మాట్లాడాడు.

"నువ్వు చెప్పకపోయినా అది దేనికోసమో నాకు తెలుసు నిరూ. అప్పటికి మనకి పెళ్ళై నాలుగేళ్ళు. ఇంటి నుంచి ఫోనొస్తే మీ అమ్మ మొదటి మాట పిల్లల గురించే. తర్వాత ఆ హాస్పిటళ్ళు, ఇంజెక్షన్లు. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి... నువ్వు ఎవరి ముందూ ఏడవలేదు. బడికెళ్ళి పాతికమంది పిల్లల ముక్కులు తుడిచి వచ్చేదానివి. నేను సోఫాలో కూర్చుని చూస్తుండేవాణ్ణి. ఈవిడ ఇక్కడెందుకు ఆగిపోయింది అనిపించేది. ఒక ముడుపు కట్టింది కాబట్టి. అది తీరేదాకా నన్ను విడిచి వెళ్ళదు. తీరదు కూడా. నాలోనే లోపమని డాక్టర్ చెప్పింది కదా."

"అందుకని?"

"విప్పేస్తే నువ్వు ఫ్రీ అవుతావనుకున్నా. నవ్వకు."

"నవ్వడం లేదు."

"పాత ఫోన్లో ఫొటోలుంటే లొకేషన్ చూసి వెళ్ళా. తీగ మొత్తం వెతికా, లేదు. అన్నీ కొత్తవే. కింద స్టేషన్లో ఒక ముసలావిడ ఊడుస్తోంది. ఊరివాళ్ళే వంతులేసుకుని ఊడుస్తారట. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి అడిగా. పసుపు దారం అనగానే చీపురు అవతల పెట్టి, లోపల్నించి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. స్టేషన్లో జనం మర్చిపోయిన వస్తువులన్నీ అందులో దాస్తుందట. ఒక చేతి గ్లౌజు, చిన్నపిల్ల హెయిర్‌క్లిప్పు, ఎవరివో కట్టుడు పళ్ళు..."

"కట్టుడు పళ్ళా?"

"ఒట్టు. ఆ పళ్ళ కింద మన ముడుపు."

నిరుపమకు తెలియకుండానే నవ్వొచ్చింది. వచ్చిన వెంటనే దాన్ని వెనక్కి లాక్కుంది. చాలా నెలల తర్వాత ఈ ఇంట్లో ఇద్దరూ ఒకే విషయానికి నవ్వబోయారు. అది అతనూ గమనించాడు. తల దించుకున్నాడు.

లేచి, గోడకు తగిలించిన ఆఫీసు బ్యాగులోంచి ఒక కవరు తెచ్చాడు. దాన్ని పెట్టె మీద బోర్లించాడు. మడతలు పడ్డ సన్నటి కాగితం. రూపాయి బిళ్ళ. తోరం. పసుపు వెలిసి గంధం రంగులోకి దిగింది కానీ తొమ్మిది ముడులూ అలాగే ఉన్నాయి. పక్కన ఒక అట్టముక్క, దాని మీద అది దొరికిన రోజు ఆ ముసలావిడ రాసిన తేదీ.

"ఏటా కొత్త సంవత్సరానికి తీగ మీద చీటీలన్నీ తీసి కాల్చేస్తారట. దీంట్లో బిళ్ళ తగిలిందట చేతికి. ఎవరో మర్చిపోయిన సొమ్ము కాల్చకూడదు కదా అని తెచ్చి దాచింది. ఏడేళ్ళు దాచింది నిరూ."

"తర్వాత?"

"తర్వాత నేను దారం విప్పి చీటీ చేతికిస్తే ఆవిడ చదివి, నన్ను చూసి ఒకటే నవ్వు. చెడు జాతకం వస్తే ఆ తీగకి కట్టి వెళ్ళిపోవాలంట, ఆ చెడు అక్కడే ఉండిపోతుందని. మంచిదొస్తే ఇంటికి తెచ్చుకోవాలంట. ఇది అన్నిటికన్నా పెద్ద మంచిదట. మనం ఆ మంచిని అక్కడ కట్టేసి, చేతులూపుకుంటూ వచ్చేశాం."

చివరి మాట అనేసి దగ్గినట్టు నటించాడు.

నిరుపమ రూపాయి బిళ్ళ చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. కింద బండి వచ్చింది, అలమరలో గ్లాసులు మోగాయి, ఆగిపోయాయి. ఏడేళ్ళుగా చెప్పని మాట ఇప్పుడు చెప్పాలి. అనుకున్న రోజు ఇది కాదు, అనుకున్న చోటూ కాదు. ఆ ఎర్రగుమ్మం కింద నిలబడి చెప్పాలని అనుకుంది. వచ్చే ఏడు వెళ్దాం అనుకుంటుండగానే కరోనా వచ్చి దేశం తలుపులు మూసుకుంది. తలుపులు తెరిచేసరికి హాస్పిటళ్ళు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలే తగ్గిపోయాయి. మాటలు తగ్గిన ఇంట్లో మొక్కు సంగతి ఎత్తడం ఎలా?

"అది పిల్లల కోసం కట్టిన ముడుపు కాదు" అంది.

అతను తలెత్తాడు.

"ఆ ట్రిప్పుకి ముందు మీ మెడ మీద, చెవి కింద ఒక గడ్డ లేచింది. గుర్తుందా? సూది పెట్టి ముక్క తీశారు. రిపోర్టుకి పది రోజులన్నారు. టికెట్లు క్యాన్సిల్ చేద్దామంటే మీరు వినలేదు. ఏమీ కాదు, కొవ్వు గడ్డ, నీ వంటల పుణ్యమే అని జోకులేశారు. మీరు జోకులేస్తుంటే నేను నవ్వాను. రాత్రుళ్ళు మీరు నిద్రపోయాక ఆ ప్లాస్టర్ వంక చూస్తూ కూర్చునేదాన్ని."

"నిరూ..."

"రిపోర్టులో ఏమీ లేదని రావాలి, వస్తే ఇద్దరం కలిసి వచ్చి ముడుపు విప్పుకుంటాం అని మొక్కాను. వెనక్కి వచ్చిన మూడో రోజే రిపోర్టు వచ్చింది. ఏమీ లేదన్నారు." బిళ్ళను కాగితం మీద పెట్టింది. "తీరని మొక్కనుకుని మీరు వెళ్ళి విప్పేశారు. అది ఎప్పుడో తీరిపోయింది. మీరు ఆ పుస్తకంలో రాశారే, నన్ను ఆపేది ఏదీ లేదని, అది రాయడానికి మీరు బతికుండటమే నేను కోరుకున్నది."

అతను ఏదో అంటాడనుకుంది. క్షమించమంటాడని, లేదా ముందే చెప్పొచ్చుగా అని విసుక్కుంటాడని. అవేవీ జరగలేదు. ఉదయభాస్కర్ కాగితం వంకా, తోరం వంకా చూస్తున్నాడు. అతని కుడిచెయ్యి, అతనికి తెలియకుండానే, పైకి లేచి జాకెట్ కాలర్ పట్టుకుంది. చెవి కింద. పట్టుకుని, జిప్పు ఇంకా పైకి లాగబోయింది. లాగడానికి ఇంక పైన ఏమీ మిగల్లేదు.

నిరుపమ ఆ చేతిని చూసింది.

జలుబు. వెన్నునొప్పి. సోఫా. బాల్కనీలో ఫోన్లు. ఆమె ప్రయాణమే తన బతుకన్నంత తొందరగా నింపిన అప్లికేషన్. ఇన్ని నెలలూ ఒక్కొక్కటీ చూసింది, ఒక్కటీ వదలకుండా చూసింది. చూసి, అన్నిటినీ లేని ఆడమనిషి ఖాతాలో వేసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏది?"

"నాచేత ఇంకో మాట అడిగించకు."

పదకొండేళ్ళ కాపురంలో అతన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదటిసారి. ఆ మాట విన్నాక అతను దాచడం మానేశాడు.

"జూలై. అదే చోట."

"డాక్టర్?"

"చూసింది. స్కాన్ అయింది. మొన్న బుధవారం ముక్క తీశారు."

"నాతో బుధవారం ఆఫీసులో టీమ్ లంచ్ అన్నావు."

"అన్నా."

"రిపోర్టు ఎప్పుడు?"

అతను కిటికీ వైపు చూశాడు.

"రిపోర్టు ఎప్పుడు భాస్కర్?"

"మంగళవారం" అన్నాడు.

సోమవారం విమానం. మంగళవారం రిపోర్టు. ఆ రెండు రోజులనీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. కొత్త ఊళ్ళో కొత్త బడిలో పిల్లల మధ్య తను నిలబడి ఉండగా, ఇతను ఒక్కడే ఆ హాస్పిటల్ కుర్చీలో కూర్చుని వింటాడు. మంచి వార్త అయితే ఫోన్ చేస్తాడు. కాకపోతే, కింద సుషీ షాపు ఉందిగా, బాగానే తింటున్నా అంటాడు.

తలుపు మీద మూడుసార్లు చప్పుడైంది.

"నిరూ? భాస్కర్?" బయట కెన్ గొంతు. "వ్యాన్ డబుల్ పార్కింగ్‌లో ఉంది. బాక్సులు రెడీయేనా?"

ఉదయభాస్కర్ గబగబా లేచాడు. లేవడంలో ఒక బరువు దిగిన తేలిక ఉంది, తప్పించుకునే దారి దొరికినట్టు. కాగితాన్నీ తోరాన్నీ ఒక చేత్తో పక్కకు జరిపి, పెట్టె ఎత్తడానికి వంగాడు. "పెద్దాయన్ని నిలబెట్టడం ఎందుకు. ముందు ఇవి కిందికి చేరేద్దాం. నువ్వు వెళ్ళాలి నిరూ. ఆ ఉద్యోగం మళ్ళీ రాదు. నామీద జాలితో మాత్రం ఆగొద్దు, అది నేను భరించలేను."

నిరుపమ లేచింది. ఆ పెట్టె దగ్గరికి వచ్చింది. అతని చేతులు అంచుల కింద ఉండగానే దాని మీద కూర్చుంది. తన బరువంతా వేసి కూర్చుంది. లోపల రైస్ కుక్కర్ మూత ఎక్కడో ఒత్తుకుని టక్కుమంది.

"కెన్, వన్ మినిట్!" తలుపు వైపు కేక వేసింది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. అతను ఇంకా వంగే ఉన్నాడు. ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. చిన్నపిల్లలు దెబ్బ దాచుకుంటే ఎలా అడగాలో ఆమెకు తెలుసు. చెయ్యి చాపదు, లాగదు. ఎదురుగా కూర్చుని ఊరికే ఉంటుంది.

"మెడ చూపించు" అంది.

బయట కెన్ కాలు మార్చుకున్న చప్పుడు. కింద బండి బయల్దేరింది. గ్లాసులు మోగి ఆగేదాకా ఉదయభాస్కర్ కదల్లేదు. ఆ తర్వాత పెట్టె కింది నుంచి చేతులు తీసి, జిప్పు పట్టుకున్నాడు.